దారిన పోయే దానయ్య గోడెక్కిన రాత్రి

రాత్రి తొమ్మిది దాటింది. ఎదురుగా సినిమా హాలు గోడ. గోడ నిండా తెల్లటి వెలుగు, అంతకు మించి ఏమీ లేదు. కళ్లు చికిలించి చూసినా బొమ్మ లేదు, అక్షరం లేదు. ఏదైనా షో మొదలవుతుందేమోనని ఆగారు మీరు. ఇంతలో సైకిలు నడిపించుకుంటూ ఒకాయన మీ పక్కనుంచి ముందుకు వెళ్లాడు. అంతే, ఆయన నీడ మూడంతస్తుల ఎత్తున గోడ మీదికి లేచింది. ఆ నీడ నల్లగా లేదు. అందులో ఎవరో ఒకామె నిలబడి ఉంది. నిలువెత్తు రంగుల ఫోటో. భుజానికి సంచి, కెమెరా వైపు కాస్త మొహమాటంగా చూపు. సైకిలు చక్రం నీడ ఆమె మోకాళ్ల మీదుగా దొర్లింది. ఆయన ముందుకు సాగేకొద్దీ ఆమె భుజం పోయింది, తర్వాత సంచి పోయింది, ఆఖరికి చెప్పులు పోయాయి. గోడ మళ్లీ తెల్లబడింది.

సైకిలాయన వెనక్కి తిరిగి కూడా చూడలేదు. తన నీడలో ఒక మనిషి లేచి నిలబడ్డ సంగతి ఆయనకు తెలియనే తెలియదు.

ఇది నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్. 2001 సెప్టెంబరు. ఆ ఏడు యూరప్ సాంస్కృతిక రాజధాని హోదా ఈ ఊరికీ పోర్చుగల్‌లోని పోర్టోకీ కలిపి దక్కింది. మీరు నిలబడ్డ చోటు స్హౌబుర్గ్‌ప్లైన్. రైల్వే స్టేషను నుంచి నాలుగడుగుల దూరం. ఒక పక్క నాటకశాల, ఒక పక్క దె డూలెన్ సంగీత భవనం, మరో పక్క పాథే వాళ్ల సినిమా హాలు, నడుమ ఇంత పెద్ద ఖాళీ. ఊరి నడిబొడ్డున ఇంత జాగా ఊరికే మిగల్లేదు. 1940 మే 14న జర్మన్ విమానాలు వచ్చి పావుగంటలో ఈ ఊరి గుండెకాయను నేలమట్టం చేసిపోయాయి. వందల మంది చచ్చిపోయారు, దాదాపు 80,000 మందికి నిలువ నీడ లేకుండా పోయింది. పాత వీధులను తిరిగి కట్టుకోకుండా కొత్త ఊరిని గీసుకున్నారు. ఆ కొత్త గీతల్లో ఏం చెయ్యాలో ఎవరికీ తోచక చాలాకాలం అలాగే పడి ఉన్న ఖాళీల్లో ఇదొకటి.

కాళ్ల కింద చూసుకోండి. అడుగు వేస్తే టంగుమంటోంది కదా. చిల్లులున్న ఇనుప పలకలు. ఇంకాస్త అవతలికి వెళ్తే చెక్క, రబ్బరు. ఇదంతా భూగర్భంలో ఉన్న కార్ల పార్కింగు పైకప్పు. బరువు మోయలేదు కాబట్టి రాళ్లు పరచలేదు, పెద్ద చెట్లు నాటలేదు. 1996లో వెస్ట్ 8 అనే సంస్థ తరఫున ఆడ్రియాన్ గోజె దీన్ని దిద్దినప్పుడు చుట్టూ ఉన్న నేలకంటే జానెడున్నర ఎత్తు లేపాడు. ఆ చిన్న మెట్టు ఎక్కితే మీరు స్టేజీ ఎక్కినట్టే. క్రేనుల్లాంటి నాలుగు ఎర్ర దీపస్తంభాలు నిలబడి ఉన్నాయి చూడండి. అవి వంగుతాయి, లేస్తాయి. వాటిని ఆడించే మీట కూడా దారిన పోయేవాళ్ల చేతికే ఇచ్చాడాయన. ఇంత చేసినా పగటిపూట జనం ఈ చౌకును అడ్డదారిగానే వాడుకుంటారని నాకు అనిపిస్తుంది. స్టేషనుకు పోయేవాడికి స్టేజీతో పనేముంది?

ఈ రాత్రి మాత్రం జనం ఆగుతున్నారు.

ఒకసారి వెనక్కి తిరగండి. అటు నేరుగా చూడకండి, కళ్లు బైర్లు కమ్ముతాయి. నేలమట్టానికి పెట్టిన జెనాన్ దీపాలు గోడ మీదికి తెల్లటి వెలుగు చిమ్ముతున్నాయి. ఇక తల పైకెత్తితే అటు ఎత్తున ఇంకో రకం ప్రొజెక్టర్లున్నాయి, కంప్యూటరు చెప్పినట్టు వినేవి. అవి ఫోటోలు వేస్తున్నాయి. ఎక్కడ అంటారా? ఇదే గోడ మీద. ఇప్పుడు, ఈ క్షణంలో కూడా, ఆ తెల్లటి గోడ మీద మనుషులు నిలువెత్తున నిలబడే ఉన్నారు. కింది దీపాల వెలుగు ఎక్కువైపోయి వాళ్లు కొట్టుకుపోయారు, అంతే. మీరు వెళ్లి ఆ వెలుగుకు అడ్డం నిలబడితే మీ నీడ మేరకు తెల్లదనం ఆగిపోతుంది. పైనుంచి వచ్చే ఫోటోకు మీరు అడ్డం కాదు కాబట్టి ఆ మేరకు అది బతికి బయటపడుతుంది.

ఇందులో గారడీ ఏమీ లేదు. పిల్లలకు రెండు టార్చిలైట్లిస్తే ఇంట్లో చేసి చూపిస్తారు. కానీ దీన్ని ఇంత పెద్ద గోడకు పెంచి, ఊరి మధ్యన, టిక్కెట్టు లేకుండా పెట్టడం వేరు. పెట్టినవాడి పేరు రఫాయెల్ లొసానో హెమ్మర్. 1967లో మెక్సికో సిటీలో పుట్టాడు, కెనడాలోని మాంట్రియల్‌లో స్థిరపడ్డాడు. చదివింది రసాయనశాస్త్రం. తల్లిదండ్రులు నైట్‌క్లబ్బులు నడిపినవాళ్లు. లైట్లతో ఇంత చనువు ఎక్కడినుంచి వచ్చిందో ఊహించుకోవచ్చు. దీనికి ఆయన పెట్టిన పేరు 'బాడీ మూవీస్'. రోటర్‌డామ్‌లోని వీ2 అనే కళాసంస్థ కోసం చేశాడు. గోడ మీద దాగి ఉన్న ఫోటోలు వెయ్యికి పైనే. రోటర్‌డామ్, మాడ్రిడ్, మెక్సికో, మాంట్రియల్ వీధుల్లో తీసినవి. నటులు కాదు, మోడళ్లు కాదు. దారిన పోయే దానయ్యలు.

మన ఊళ్లలో గోడంత మొహం కనబడిందంటే అదెవరిదో అడగక్కర్లేదు. నడిమధ్యన అన్న, అన్న నెత్తిన పెద్దన్న, కింద వరసగా పాస్‌పోర్టు సైజులో తమ్ముళ్లు, ఆ పైన పుట్టినరోజు శుభాకాంక్షలు. ఎవరి మొహం ఎంత సైజో చూస్తే పార్టీలో ఎవరి స్థానం ఏమిటో లెక్క తేలిపోతుంది. తన బొమ్మ బొటనవేలంత వచ్చిందని అలిగినవాళ్లూ ఉంటారు. ఇక్కడి గోడ మీద పేరు లేదు, పదవి లేదు, దణ్ణం పెట్టే చేతులు లేవు. ఎవరో ఒక మామూలు మనిషి, బజారుకు పోతూ ఆగి ఫోటో తీయించుకున్నవాడు. పైగా ఆ మనిషిని చూడాలంటే ఇంకో మామూలు మనిషి వచ్చి అడ్డంగా నిలబడాలి.

పదండి, నిలబడదాం.

మొదట దీపాలకు దగ్గరగా వెళ్తారు. ఎవరైనా అంతే, ముందు వెలుగు దగ్గరికే పోతారు. వీపుకు వేడి తగులుతోంది. గోడ వంక చూసి మీరే ఉలిక్కిపడతారు. మీ నీడ సినిమా హాలు చూరు దాటిపోయింది. పాతిక మీటర్ల మనిషి! తల ఎక్కడుందో కనబడటం లేదు. మీ కోటు అంచు దగ్గరే ఇద్దరు మనుషులు ఇమిడిపోయారు. ఒకడు జేబుల్లో చేతులు పెట్టుకున్న కుర్రాడు, ఇంకొకామె నవ్వబోతూ ఆగినట్టున్న పెద్దావిడ. మీ రెండు కాళ్ల మధ్య సందులో మూడో మనిషి చెయ్యి ఒక్కటే కనబడుతోంది, మిగతా మనిషి వెలుగులో ఉండిపోయాడు.

ఆ చెయ్యి ఎవరిదో చూడాలనిపిస్తుంది. సరిగ్గా ఇక్కడే ఈ కళ మిమ్మల్ని పట్టేస్తుంది. కాలు కదుపుతారు. చెయ్యి పోయి మోచెయ్యి వచ్చింది. ఇంకాస్త పక్కకు జరుగుతారు. భుజం, చెవి, చెవికి పోగు. ముందుకు, గోడ వైపు నడవండి. నడిచేకొద్దీ మీ నీడ దిగుతోంది. ఇరవై మీటర్లు, పది, అయిదు. దీపానికి దూరమవుతున్న కొద్దీ మీరు మామూలు మనిషవుతున్నారు. గోడకు బాగా దగ్గరగా పోతే రెండు మీటర్ల దగ్గర ఆగుతుంది, అదే మీ అసలు సైజు. ఎక్కడో ఒక చోట మీ నీడా అతని ఫోటోనూ సమానమవుతాయి. ఆ చోటు దొరకడం కష్టం. తల సరిపోతే కాళ్లు చాలవు, కాళ్లు కుదిరితే అతని టోపీ మీ తలలో పట్టదు. అతను కాళ్లు కాస్త ఎడంగా పెట్టి నిలబడ్డాడు. మీరూ అలాగే పెట్టాలి. అతను ఎడమ చెయ్యి నడుం మీద వేసుకున్నాడు. మీరూ వేసుకుంటారు. నలుగురూ చూస్తున్నారన్న సంగతి మరిచిపోతారు.

కుదిరింది. కాళ్ల నుంచి టోపీ దాకా మనిషి మొత్తం వచ్చేశాడు. మీకు ముక్కూ మొహం తెలియని ఒక మనిషి ఎలా నిలబడతాడో మీ ఒంటికి తెలిసింది. ఇలాంటి చోట్ల కళావిమర్శకులు పెద్ద పెద్ద మాటలు వాడతారు. నాకు మాత్రం ఆ చెయ్యి నడుం మీద వేసుకోవడమే ముఖ్యం. మనుషులను చూడటం వేరు, వాళ్ల కొలతకు మన ఒళ్లు సర్దుకోవడం వేరు. ఎదుటివాడి ఫోటో చూసేటప్పుడు మనం ఎప్పుడూ ఈ పని చెయ్యం. ఫోన్‌లో వేలితో పక్కకు తోసేస్తాం.

మీరు చెయ్యి పైకెత్తి చూడండి. అతను ఎత్తడు. అది ఫోటో, ఎక్కడో ఏదో మధ్యాహ్నం ఆగిపోయిన ఫోటో. మీ చెయ్యి ఎత్తిన మేర గోడ మీద ఒక ఖాళీ నీడ మొలుస్తుంది. అప్పుడు అతనికి మూడు చేతులున్నట్టు కనబడుతుంది. పక్కన ఒక పిల్ల పకపకా నవ్వుతోంది.

ఇప్పుడు చౌకు మధ్యకు చూడండి. అక్కడ ఇంకో బొమ్మ వెలుగుతోంది. ఈ నీడలను గమనించే కెమెరాకు ఏం కనబడుతోందో, కంప్యూటరు దాన్ని ఎలా అర్థం చేసుకుంటోందో అందరికీ కనబడేలా చూపిస్తున్నారు. నీడలు ఎక్కడెక్కడున్నాయి, ఫోటోలు ఎక్కడెక్కడున్నాయి, ఏ ఫోటో మీద నీడ పడింది, ఏది ఇంకా మిగిలింది. ఈ ఆటకు ఒకే ఒక్క నియమం. గోడ మీద దాగిన ఫోటోలన్నీ ఒకేసారి నీడల్లో బయటపడితే, గోడ ఒక్క క్షణం నల్లబడి కొత్త మనుషుల గుంపు వస్తుంది. పడకపోతే వీళ్లే ఉంటారు.

ఒక్కరివల్ల అయ్యే పని కాదది. మీరు టోపీవాడిని పట్టుకుని కదలకుండా నిలబడ్డారు. అటువైపు ఒక జంట ఇద్దరిని పట్టుకున్నారు. ఇంకొక్క ఫోటో మిగిలింది, కుడి పక్క చివర, చిన్నది. దాన్ని అందుకోవాలంటే ఎవరైనా గోడకు దగ్గరగా వెళ్లాలి. జంటలో అబ్బాయి చెయ్యి ఊపుతున్నాడు, మీ వెనక ఉన్నవాళ్లను పిలుస్తున్నట్టు. డచ్చి భాష మీకు రాదు, అయినా సైగ అర్థమైంది. ఇందాక నవ్విన పిల్ల పరుగెత్తుకెళ్లింది. తల్లి వెనకనుంచి ఏదో అరుస్తోంది. పిల్ల ఎత్తు చాలలేదు. ఎగిరింది. ఎగిరినంతసేపు ఫోటోలోని మొహం కనబడి మాయమైంది. ఇంకోసారి ఎగిరింది. ఇక తల్లే వచ్చి పిల్లను భుజాల మీదికి ఎత్తుకుంది. తల్లీ పిల్లా కలిసిన ఒక్క నీడలో ఆఖరి మనిషి నిండుగా నిలబడ్డాడు.

గోడ నల్లబడింది. చప్పట్లు. ఎవరు ఎవరికి కొడుతున్నారో తెలియదు.

తర్వాత ఒకటి రెండు విడతలు గడిచాయో లేదో, జనం క్రమశిక్షణ సడలుతుంది. ఫోటోలను వదిలేసి సొంత నీడలతో ఆట మొదలుపెడతారు. దీపాల దగ్గర ఉన్నవాడు రాక్షసుడు, గోడ దగ్గర ఉన్నవాడు చీమ. ఒకడు కాలెత్తి అవతలివాళ్లను తొక్కుతాడు, తొక్కించుకునేవాళ్లు గిలగిలా కొట్టుకుంటారు. ఒకతను చేతిలోని గ్లాసు వంచితే పాతిక మీటర్ల ఎత్తునుంచి గోడ మీద బీరు ధార పడుతుంది, కింద ఎవరో నోరు తెరుస్తారు. మన తోలుబొమ్మలాటలో దీపం తెర వెనక ఉంటుంది, ఆడించేవాడు కూడా వెనకే ఉంటాడు, జనం ఇవతల ఉంటారు. ఇక్కడ దీపం, బొమ్మ, ఆడించేవాడు, చూసేవాడు అందరూ ఒకే పక్కన. బంగారక్కా జుట్టుపోలిగాడూ మీరే.

ఈ ఆట గురించి లొసానో హెమ్మర్ చెప్పేవాటిలో నాకు బాగా నచ్చింది చక్రాల కుర్చీ ముచ్చట. కుర్చీలో ఉన్న మనిషి దీపానికి దగ్గరగా వచ్చి, పాతిక మీటర్ల కుర్చీతో గోడ మీది జనాన్నంతా తొక్కుకుంటూ పోయి పోయి ఆనందించిన సంగతి. మెట్ల దగ్గర ఆగిపోవాల్సి వచ్చిన ఎన్ని రోజులకో అది వడ్డీతో సహా జవాబు.

'బాడీ మూవీస్' తర్వాత ఆస్ట్రియాలోని లింజ్, ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్, పోర్చుగల్‌లోని లిస్బన్, హాంకాంగ్ వంటి ఊళ్లు తిరిగింది. లిస్బన్‌లో జనం వీధుల్లోనే కౌగిలించుకుని సందడి చేస్తారని ఆయన ఊహించాడట. తీరా చూస్తే వాళ్లు ఎంతో మర్యాదగా, తమ నీడ ఎదుటివాళ్ల నీడ మీద పడకుండా చూసుకుంటూ నడిచారు. ఇంగ్లిషువాళ్లు బిడియస్తులు కదా, ఒదిగి ఉంటారనుకున్నాడు. వాళ్లేమో తాగొచ్చి బట్టలు విప్పి, నీడలతో చెయ్యకూడనివన్నీ చేసి చూపించారు. మనవాళ్ల మధ్య పెడితే ఏం జరుగుతుందో ఊహించడం సరదాగా ఉంటుంది. నా మటుకు నాకు మొదటి పది నిమిషాల్లో హీరో స్టెప్పులు, పదకొండో నిమిషంలో ఎవరో ఒకరు దీపానికి అడ్డం నిలబడి కదలనంటే గొడవ తప్పదనిపిస్తుంది.

ఈ దీపం, నీడ పాఠం రోటర్‌డామ్‌కు కొత్తదేమీ కాదు. రెంబ్రాంట్ శిష్యుడు సామ్యూల్ వాన్ హూగ్‌స్ట్రాటెన్ చిత్రకళ మీద రాసిన పెద్ద పుస్తకం 1678లో ఈ ఊళ్లోనే అచ్చయింది. అందులో నీడల నాట్యం బొమ్మ ఒకటి ఉంది. నేల మీద ఒకే ఒక్క దీపం, దాని ముందు ఆడేవాళ్లు, వెనక గోడ మీద వాళ్ల నీడలు. దీపానికి ఎంత దూరంలో ఉన్నారన్న దాన్నిబట్టి ఒకరు దేవదూత, ఒకరు దయ్యం. లొసానో హెమ్మర్ తన పనికి ప్రేరణ అదేనని చెప్పుకున్నాడు. మూడు వందల ఏళ్ల తర్వాత ఆయన చేర్చింది ఫోటోలను, మిమ్మల్ని చూస్తున్న కెమెరాను.

ఆ కెమెరా దగ్గర కాస్త ఆగాలి. ఈ ఆటంతా నడుస్తున్నది అది మిమ్మల్ని వదలకుండా గమనిస్తున్నది కాబట్టే. ఏడేళ్లు ముందుకు పదండి. 2008 నవంబరు, లండన్, ట్రఫాల్గర్ స్క్వేర్. ఇది అదే మనిషి చేసిన ఇంకో పని, పేరు 'అండర్ స్కాన్'. 2005 నుంచి ఇంగ్లండ్‌లోని లింకన్, లెస్టర్ వంటి ఊళ్లలో పెట్టి, ఇక్కడికి తెచ్చారు. చలి ఎముకలు కొరుకుతోంది. ఇక్కడ గోడ లేదు, నేలే తెర. చౌకంతా తెల్లటి వెలుగు పరిచి ఉంది. మీరు నడుస్తుంటే మీ నీడ మీకంటే ముందు, చాలా పొడుగ్గా పాకుతోంది. ఉన్నట్టుండి నీడలో ఏదో కదిలింది. ఎవరో నేల మీద పడుకుని ఉన్నారు. మీ నీడ తగలగానే ఇటు తిరిగారు. నేరుగా మీ కళ్లలోకి చూశారు. ఈసారి ఫోటో కాదు, కదిలే వీడియో. అక్కడి ఊళ్లలో సుమారు వెయ్యి మందిని అడిగి, మీకు ఎలా కావాలంటే అలా కనబడండని చెప్పి తీసినవి. ఒకరు కన్ను కొడతారు, ఒకరు వెక్కిరిస్తారు, ఒకరు ఊరికే చూస్తూ ఉంటారు. మీరు పక్కకు జరిగితే వాళ్లు చూపు తిప్పుకుని మాయమవుతారు. జరగబుద్ధి కాదు. ఎవరో నిద్రలేపినట్టు లేచి మీ వంక చూస్తుంటే దాటుకుపోవడం అమర్యాదలా ఉంటుంది.

ఆ మనిషి సరిగ్గా మీ నీడలోనే ఎలా ఉన్నాడు? మీరు ఎటు నడుస్తున్నారో, రెండడుగుల తర్వాత ఎక్కడుంటారో కంప్యూటరు ముందే లెక్క కట్టి, మీరు చేరేలోపు అక్కడ బొమ్మ వేసి పెట్టింది. ఆ ముక్క వింటే ఒళ్లు జలదరించాలి, అందులోనూ కెమెరాలకు పేరుమోసిన లండన్‌లో. జలదరించాలనే ఆయన ఉద్దేశం కూడా. అందుకే ప్రతి ఏడు నిమిషాలకూ ఆట ఆపేస్తాడు. వీడియోలు పోతాయి, నేలంతా గీతల వల పరుచుకుంటుంది. కంప్యూటరు మిమ్మల్ని ఏ గడిలో పెట్టుకుందో, మీ చుట్టూ ఏ గీత గీసిందో మీ కాళ్ల కిందే కనబడుతుంది. పిల్లలు ఆ గీతలను తరుముకుంటూ పరుగెడతారు. కాసేపటికి వల మాయమై మనుషులు తిరిగి నిద్రలేస్తారు.

దారిన పోయేవాళ్ల ఫోటో తీసి వాళ్లకే ఇచ్చేసే పద్ధతి కూడా ఉంది. ఫ్రెంచి కళాకారుడు జేఆర్ అదే చేస్తాడు. 2013 వసంతంలో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో అతని ఫోటో ట్రక్కు ఆగింది. లోపలికి వెళ్లి కూర్చుంటే క్షణాల్లో మూడడుగుల వెడల్పు నలుపు తెలుపు పోస్టరు పక్కనుంచి జారి బయటికొస్తుంది. దాన్ని నేలకు అంటించేస్తారు. మూడు వారాల్లో దాదాపు 6,000 మొహాలు. అంతకు ముందు భారతదేశంలో అంటించినప్పుడు ఇంకో ఉపాయం చేశాడు. మొదట గోడకు తెల్ల కాగితమే అంటిస్తారు, అందులో బొమ్మ మేరకు జిగురుంటుంది. రోజులు గడిచేకొద్దీ మన వీధుల దుమ్ము ఆ జిగురుకు అంటుకుని మొహం తేలుతుంది. దుమ్ముతో పనిచేయించుకున్నవాడు మన దగ్గర అతనొక్కడేనేమో! అయినా టైమ్స్ స్క్వేర్ వరసలో నిలబడినవాళ్లలో ఎక్కువమంది చూసుకున్నది తమ మొహాన్నే. నాకు రోటర్‌డామ్ గోడే ఎక్కువ ఇష్టం. అక్కడ ఎంత వెతికినా మీ మొహం ఉండదు.

ఇక మన ఊరు. 2021 మే, లాక్‌డౌన్ రోజులు, హైదరాబాద్ పాతబస్తీ. ఒక సామాజిక కార్యకర్తను పోలీసులు రోడ్డు మీద ఆపి మాస్కు తియ్యమన్నారు, ఫోటో తీసుకోవడానికి. ఆయన తియ్యనన్నాడు. అయినా ఫోటో తీసుకున్నారు. ఆ ఫోటో ఎక్కడికి పోతుంది, ఏ చట్టం కింద తీశారు, దేనితో పోల్చి చూస్తారు అని అడుగుతూ ఆయన తెలంగాణ హైకోర్టుకు వెళ్లాడు. మొహాలను గుర్తుపట్టే కెమెరాల వాడకాన్ని సవాలు చేసిన ఆ పిటిషన్ మీద 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. ట్రఫాల్గర్ స్క్వేర్‌లో వాడిన పరికరాలకూ పోలీసుల పరికరాలకూ పెద్ద దూరం లేదు, రెండూ ఒకే వంశం. ఒకచోట ప్రతి ఏడు నిమిషాలకూ వల తీసి చూపిస్తారు. ఇంకోచోట వల ఎంత పెద్దదో తెలుసుకోవాలంటే కోర్టు మెట్లెక్కాలి.

ఇంకొక్క చోటికి వెళ్దాం. ఇక్కడ చౌకు లేదు, చీకటి లేదు. మామూలు గది, గోడకు ఒక తెర, తెర మీద ఒక కెమెరా. మీరు గుమ్మం దాటగానే అది మీ మొహాన్ని పట్టేసింది. తెర మీద మీరున్నారు. కళ్లూ ముక్కూ నోరూ చుట్టూ గీతలు పరుగెడుతున్నాయి. పక్కన కుర్రాళ్ల ఫోటోలు ఒకదాని తర్వాత ఒకటి వేగంగా మారుతున్నాయి. అందరూ ఇరవై అటూ ఇటూ ఉన్నవాళ్లు.

2014 సెప్టెంబరు 26 రాత్రి మెక్సికోలోని ఇగ్వాలా అనే ఊళ్లో 43 మంది కుర్రాళ్లను ఎత్తుకుపోయారు. అయోత్సినాపా టీచర్ ట్రైనింగ్ కాలేజీ విద్యార్థులు, చాలామంది రైతు కుటుంబాల పిల్లలు. ఎత్తుకుపోయినవాళ్లలో పోలీసులూ ఉన్నారు. సరిగ్గా ఆరు నెలలకు, 2015 మార్చి 26న, లొసానో హెమ్మర్ ఈ కెమెరాను బయటపెట్టాడు. పేరు 'లెవెల్ ఆఫ్ కాన్ఫిడెన్స్'. నేరస్తులను, అనుమానితులను వెతకడానికి వాడే సాఫ్ట్‌వేర్‌నే తీసుకున్నాడు. వెతకవలసిన మొహాల చోట ఆ 43 మందినీ పెట్టాడు. ఎవరు ఎదురొచ్చినా అది వాళ్ల కోసమే వెతుకుతుంది. మూడు రకాల లెక్కలు వేసి, మీ మొహం ఆ పిల్లల్లో ఎవరికి దగ్గరో తేల్చి, ఎంత నమ్మకంగా చెబుతోందో అంకె వేసి చూపిస్తుంది.

గీతలు ఆగాయి. మీ మొహం పక్కన ఒక కుర్రాడి ఫోటో నిలబడింది, కాలేజీ గుర్తింపు కార్డుకు తీయించుకున్నట్టుంది. మీరు ఆడవారైనా, అరవై ఏళ్లవారైనా దానికి పట్టదు. ఏదో ఒక పేరు చెప్పే తీరుతుంది. కింద అంకె తక్కువగానే ఉంది. మీరు అతని కళ్లలో మీ కళ్ల కోసం వెతుకుతారు. కనుబొమలు కలుస్తున్నాయేమో చూస్తారు. కెమెరా ముందుకు వంగుతారు, గడ్డం పైకెత్తుతారు, అంకె కాస్త మారుతుంది, ఫోటో కూడా మారుతుంది. ఇంకో కుర్రాడు. రోటర్‌డామ్‌లో టోపీవాడి కోసం చెయ్యి నడుం మీద వేసుకున్నారు, ఇక్కడ మొహమే సర్దుకుంటున్నారు. అక్కడ చేసిన సాయం పూర్తయింది, టోపీతో సహా మనిషి బయటపడ్డాడు. ఇక్కడ మీరు ఎంత కదిలినా యంత్రానికి వెతుకుతున్నవాడు దొరకడు. దొరకడని దాన్ని తయారు చేసినవాడికి తెలుసు. అయినా వెతుకులాట ఆపే మీట అందులో పెట్టలేదు.

ఈ సాఫ్ట్‌వేర్‌ను డబ్బులు కట్టకుండానే దింపుకోవచ్చు. మ్యూజియాలు, విశ్వవిద్యాలయాలు తమ గోడకు తామే పెట్టుకోవచ్చు. దాని కోడ్ కూడా తెరిచే ఇచ్చాడు కాబట్టి, ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్లు ఆ 43 మంది స్థానంలో తమ ఊళ్లో తప్పిపోయినవాళ్ల ఫోటోలు ఎక్కించుకోవచ్చు.

మీ వెనక ఇద్దరు వచ్చి నిలబడ్డారు. కాస్త పక్కకు జరగండి, కెమెరాకు వాళ్ల మొహాలు ఆనాలి.